వెంకటరత్నం గారి మూడు తరాల షుగర్

2004 జూన్‌లో నన్ను ఏలూరు ఆసుపత్రి లేబొరేటరీ నుంచి ఒక పరిశోధన ప్రాజెక్టుకు డిప్యుటేషన్ మీద పంపారు. డిప్యుటేషన్ అంటే జీతం పాత చోట, పని కొత్త చోట. అప్పటికి నేను సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. ప్రాజెక్టు వాళ్ళు నాకు ఫీల్డ్ సూపర్‌వైజర్ అని పేరు పెట్టారు. నా పర్యవేక్షణ కింద ఒక జీపు డ్రైవరు, ఒక ఐసు పెట్టె ఉండేవి.

పరిశోధన టైప్ టూ డయాబెటిస్ మీద. పెద్ద వయసులో వచ్చే మామూలు షుగర్ అదే. అది కొన్ని కుటుంబాల్లో ఎందుకు ఎక్కువగా వస్తుంది, అందుకు కారణమైన జన్యువులేవి అని వెతకడం ఉద్దేశం. వరసగా మూడు తరాల్లో జబ్బున్న కుటుంబాలనే తీసుకోవాలని నియమం. ప్రాజెక్టుకు పెద్ద హైదరాబాదులో ఉండే ఒక డాక్టరమ్మ గారు. అలాంటి కుటుంబం దొరికితే ఆవిడ ఫోన్‌లో "మంచి కుటుంబం" అనేవారు. షుగర్ లేని కుటుంబం ఆవిడ లెక్కలో ఎందుకూ పనికిరాదు.

పద్ధతి ఇది. పరగడుపున రెండు ట్యూబుల రక్తం తీయాలి. బూడిదరంగు మూతది షుగర్ కొలవడానికి, ఊదారంగు మూతది డీఎన్ఏకి. తర్వాత గ్లూకోజు నీళ్ళు తాగించి, రెండు గంటలు ఆగి మళ్ళీ తీయాలి. ఆ ఆగిన సమయంలో ఇంటివారిని అడిగి వంశవృక్షం గీయాలి. మగవారికి చదరపు గడి, ఆడవారికి సున్నా. షుగర్ ఉంటే నల్లగా నింపుతాం. పోయినవారి మీద ఏటవాలు గీత పెడతాం. బతికున్నవారికి రక్తపరీక్షే సాక్ష్యం. పోయినవారికి ఇంట్లో ఒకరి మాట చాలు. తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టాలి. తెలియదని చెప్పే ఇంటిపెద్ద నాకు ఆ ప్రాంతంలో తగల్లేదు.

వెంకటరత్నం గారిది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున ఒక ఊరు. యాభై దాటిన మనిషి. చేపల చెరువులు, కొత్త డాబా ఉన్నాయి. ఆయనకీ ఇద్దరు తమ్ముళ్ళకీ షుగర్ ఉందని విని వెళ్ళాను. ఇంటిల్లిపాదినీ వరసగా కూర్చోబెట్టి, అందరి తరఫునా ఆయనే జవాబులు చెప్పారు. ఆ ఇళ్ళలో అది మామూలే. వరండా చివర చాప మీద కూర్చున్న ఆయన తల్లి నాంచారమ్మ గారిని ఎవరూ ఏమీ అడగలేదు.

"రాసుకోండి. నాకు షుగరు. తమ్ముళ్ళిద్దరికీ షుగరు. మా నాన్నగారికి షుగరు. మా తాతగారికీ షుగరే," అన్నారు.

తాతగారి సంగతి ఎలా తెలుసని అడిగాను.

"భలేవారే! అంత బాగా బతికిన మనిషికి షుగరు లేకుండా ఎలా ఉంటదండీ?"

తండ్రి గురించి మాత్రం వివరంగా చెప్పారు. కాలికి పుండు పడిందట. మానలేదట. దాంతోనే పోయారట. షుగర్ ముదిరితే జరిగేది అదే కాబట్టి గడి నింపాను.

ఆయన కూతురు పద్మ బీఈడీ చదివి తణుకులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. నా భుజం మీదుగా కాగితంలోకి చూసి, "నా సున్నా ఖాళీయేనాండీ?" అంది.

పరీక్ష ఫలితం వచ్చేదాకా ఖాళీయే అన్నాను.

"అలాగే ఉంచండి సార్. నాన్నగారు చూస్తే అదీ నింపేయమంటారు."

ఆ అమ్మాయి నవ్వులాటకే అన్నా, అందులో నిజముంది. ఆ రోజుల్లో ఆ పక్క షుగర్ ఒక హోదా. విందుల్లో నలుగురికీ వినబడేలా పంచదార లేని కాఫీ అడిగేవారు. తెల్లటి బూట్లు వేసుకుని చెరువు గట్ల మీద నడిచేవారు. కూలికి వెళ్ళే మనిషి షుగర్ ఉందని చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. జబ్బు వరకు వచ్చేసరికి అతనికి అంత స్తోమత లేదని వాళ్ళ ఉద్దేశం.

ఫలితాల్లో అన్నదమ్ములు ముగ్గురికీ షుగర్ తేలింది, పద్మతో సహా ఇంట్లో మిగతావారికి లేదు. డాక్టరమ్మ గారు చాలా సంతోషించారు. మంచి కుటుంబాల్లో ఇది చాలా మంచి కుటుంబం అన్నారు. ఆ రోజు వాళ్ళింట్లోనే సాపు ప్రతి గీసుకుని, పెన్సిలు చిత్తుప్రతిని చించబోతే వెంకటరత్నం గారు ఒప్పుకోలేదు. వంశవృక్షం చించడం అరిష్టమండీ అని అడిగి పుచ్చుకున్నారు. అందులో పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. తర్వాత నెలలో వెళ్ళేసరికి అది అద్దాల ఫ్రేములో, హాల్లో, దేవుడి పటాల వరసలో ఉంది.

డిసెంబరులో పద్మకు సంబంధం వచ్చింది. అబ్బాయి ఆమెతో పాటు ఏలూరులో బీఈడీ చదివినవాడే. ఇద్దరికీ ఇష్టం. ఆ ఇష్టానికి అడ్డం చెప్పడానికి పెద్దలకు కారణమేమీ దొరకలేదు. అబ్బాయి తండ్రి సత్యనారాయణ గారు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ వ్యాపారి. మాటలకని వచ్చి, హాల్లో పటం చూసి, ఈ నల్లవేమిటండీ అన్నారు. వెంకటరత్నం గారు ఒక్కొక్క గడి మీదా వేలుపెట్టి వివరించారు. హైదరాబాదు డాక్టర్లు తమ రక్తం కోసం జీపు పంపుతున్నారని కూడా చెప్పారు. సత్యనారాయణ గారు కబురు చేస్తామని చెప్పి, కాఫీ రాకముందే లేచారు.

వారం తిరక్కుండా ఆయన ఏలూరు ఆసుపత్రిలో, ప్రాజెక్టు కోసం నాకిచ్చిన బల్ల ముందున్నారు.

"ఇది వాళ్ళ రక్తంలోనే ఉందంటారాండీ?"

పరిశోధనలో ఉన్నవారి గురించి బయట మాట్లాడకూడదన్నాను. మామూలుగా అయితే, ఇంట్లో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువనీ, రాకపోవచ్చుననీ, లేని ఇళ్ళలో కూడా వస్తుందనీ చెప్పాను.

"అంటే పిల్లకి వస్తుందా, రాదా?"

"చెప్పలేమండీ."

"చెప్పలేనప్పుడు ఇన్ని ట్యూబులెందుకండీ?"

ఈ ప్రశ్న తర్వాత డాక్టరమ్మ గారిని నేనూ అడిగాను. ఇంకా కొన్ని ట్యూబులు కావాలన్నారు.

మా ఆవిడ అంతకు ముందటేడు పోయింది. షుగర్ వల్ల కిడ్నీలు పాడయ్యాయి. ఆమె తల్లిదండ్రులకు గాని, అన్నదమ్ములకు గాని షుగర్ లేదు. మా వైపు దాదాపు అందరికీ ఉంది, నాకు లేదు. ఇది ఆయనకు చెప్పలేదు. ఒక ఇంటిని చూపించి జవాబు చెప్పకూడదని మాకు శిక్షణలో నేర్పారు. ఆ ఇల్లు నాదైనా అంతే.

ఆ వెనకే వెంకటరత్నం గారు వచ్చారు. తన తండ్రికీ తాతకీ షుగర్ లేదని సర్టిఫికెట్ కావాలన్నారు.

"ఉందని మీరే కదండీ రాయించారు?"

"అప్పుడు గొప్పకి చెప్పానండీ. ఇలా మెడకి చుట్టుకుంటుందనుకున్నానా?"

పోయినవారికి జబ్బు లేదని రాసిచ్చే అధికారం ఏ ల్యాబుకీ లేదు. వారిని స్వయంగా ఎరిగిన మరొకరు చెబితే వంశవృక్షం సరిదిద్దవచ్చు. ఆ మరొకరు ఇంట్లోనే, చాప మీదే ఉన్నారు. ఆదివారం వస్తానన్నాను. ఆయన సత్యనారాయణ గారిని కూడా పిలిపించుకున్నారు.

నేను జీపు దిగుతుంటే పద్మ గుమ్మం బయటే ఎదురొచ్చింది. "ఈ సంబంధం పోతే నేను ఇంకొకటి ఒప్పుకోను సార్. అయినా అబద్ధం మాత్రం రాయకండి. రేపది బయటపడితే మళ్ళీ ఇదంతా నేను పడలేను," అంది.

అందరూ వరండాలో కూర్చున్నారు. వెంకటరత్నం గారు తల్లి దగ్గరగా వంగి గట్టిగా, "అమ్మా, నాన్నకి షుగరు లేదని చెప్పు," అన్నారు.

"ఉందన్నదెవరు?" అంది నాంచారమ్మ గారు.

ఆవిడ చాప మీద నా వైపు జరిగింది.

"తెల్లారి చేపలకని తాటిదోనె ఎక్కితే చీకటిపడ్డాక దిగేవాడు బాబూ ఆయన," అంది నాతో. "జెల్ల చేప ముల్లు గుచ్చుకుని కాలు వాచిపోయింది. ఆ పుండుతోనే పోయాడు. మా మామగారు కలరాతో పోయాడు. అసలు ఇంట్లోకి పంచదార వచ్చిందే వీడు చెరువు తవ్వించాక." తర్వాత కొడుకు వైపు తిరిగి, "పోయినోళ్ళకి కూడా నీ జబ్బు అంటగడతావేంట్రా?" అంది.

సత్యనారాయణ గారు నవ్వారు. ఆ ఇంట్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

జెల్ల ముల్లు గాయం మానకపోవడానికి షుగర్ కూడా కారణం కావచ్చు. ఎవరూ పరీక్ష చేయలేదు కాబట్టి ఉందని గాని, లేదని గాని రాయడానికి లేదు. నా దగ్గరున్న ప్రతిలో రెండు నల్ల గడులూ చెరిపి రెంటిలోనూ ప్రశ్నార్థకం పెట్టాను.

"తెల్లగా వదిలెయ్యరాండీ?" అన్నారు సత్యనారాయణ గారు.

"తెలియదని అర్థమండీ."

ఆయన కాగితం మీదికి వంగారు. "మా నాన్నకీ అదే పెట్టాలండీ," అన్నారు. పద్మ కాఫీలు తెచ్చింది. ఆయన గ్లాసు అందుకోకుండా, గొంతు తగ్గించి, "నాకు పంచదార లేకుండా ఉంటే చూడమ్మా," అన్నారు.

"మీక్కూడానా?" అంది నాంచారమ్మ గారు, గొంతేమీ తగ్గించకుండా.

మాఘమాసంలో పెళ్ళయింది.

సరిదిద్దిన వంశవృక్షం హైదరాబాదు పంపాను. షుగర్ ఉన్నది ఒక్క తరంలోనే కాబట్టి ఆ కుటుంబాన్ని పరిశోధన నుంచి తీసేశారు. తండ్రి దోనె తోసినన్నాళ్ళూ కనబడని జబ్బు కొడుకు గట్టు మీద కుర్చీ వేసుకున్నాక ముగ్గురు అన్నదమ్ములకీ వచ్చిందని, ఇది కూడా చూడదగ్గదేమోనని నేను రాశాను. ఆసక్తికరంగా ఉంది గాని మన ప్రాజెక్టు పరిధిలోకి రాదని డాక్టరమ్మ గారు జవాబిచ్చారు. పరిధి ఆవిడ పెట్టింది కాదు. ఆవిడ తప్పేమీ లేదు.

ఆ తర్వాత మూడేళ్ళు నేను ఆ పనిలోనే ఉన్నాను. పోయినవారికి షుగర్ ఉందా అని అడగడం మానేశాను. ఎవరు పరీక్ష చేశారు, ఏ మందు వాడారు అని అడిగేవాణ్ణి. అంతకంటే ముందు, ఆయన ఏం పని చేసేవారండీ అని అడిగేవాణ్ణి. దానికి ఫారంలో గడి లేదు. మార్జిన్‌లో రాసేవాణ్ణి. మార్జిన్‌లో ఉన్నదాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించరని ప్రాజెక్టు ముగిశాక తెలిసింది.