జారిన భుజాలు

గుమ్మంలో మనిషి నిలబడితే చాలు, టేపు తీయకుండానే కొలతలు చెప్పేసే దర్జీ అయిన అత్తగారికి సీరియళ్లంటే ఒళ్లుమంట. కోడలు బతిమాలితే, కాజాలు కుడుతూ ఒకటి చూసింది. అన్నను ఇంట్లోంచి గెంటేసిన తమ్ముడు తెరమీదికి రాగానే కోడలు పళ్లు నూరింది.

"దుర్మార్గుడు!"

"ఆగవే. భుజాలు ఎలా జారుతున్నాయో చూడు. ఆ చొక్కా వాడి అన్న కొలత. గిట్టనివాడి చొక్కా ఎవరైనా తొడుక్కుంటారా?"

"నటులకి బట్టలిచ్చినవాళ్లకి కొలతలు తెలియవేమో అత్తయ్యా."

వారం తిరగకుండానే, అన్న ప్రాణం కాపాడటానికే గెంటేశానంటూ తమ్ముడు ఆ చొక్కాలోనే మొహం దాచుకుని ఏడ్చాడు. కోడలు నోరు వెళ్లబెట్టింది.

అత్తగారు దారం పుటుక్కున కొరికింది. "ఇప్పుడు చెప్పు, కొలతలు తెలియనిది వాళ్లకా, నీకా?"