అక్కను చెప్పమన్న పోలిక

నా చిన్నప్పుడు మేము మద్రాసు రాయపురంలో ఉండేవాళ్లం. మా వీధిలో దాదాపు అందరూ హార్బరు పనివాళ్లే. యాభైలలో ఎలక్షన్లంటే మా ఆడపిల్లలకు కూడా పండగే. సాయంత్రమైతే అమ్మ వెంట మీటింగులకు పోయి ముందు వరుసలో కూర్చునేదాన్ని.

మా పక్కింటి అక్క ఆ వీధిలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. ఆడవాళ్ల కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేది. వాళ్ల నాయన హార్బరులో మేస్త్రి, మా పక్షాన నిలబడ్డ అభ్యర్థికి కుడిభుజం. ఎదుటి పక్షం నాయకుడు కోపిష్టి, ఎవరి మాటా వినడని పేరు. మావాళ్లు ఆయన్ని జర్మనీ నియంత అంటూ గోడల నిండా సున్నంతో రాశారు. యుద్ధకాలంలో జపాను బాంబులకు భయపడి పిల్లలనెత్తుకుని ఊరు వదిలి పరుగెత్తినవాళ్లు మా వీధిలో చాలామంది. ఆ యుద్ధం మొదలుపెట్టిన నియంత పేరెత్తితే వాళ్లకు ఇంకా గుండెదడ వచ్చేది. ఆ మాటే చరిత్ర చదివిన కూతురు చెబితే తిరుగుండదని మేస్త్రి ఆశ. మైకు ముందు మాట్లాడమని ఆమెను ఒప్పించాడు.

ఆ సాయంత్రం అక్క తెల్లని నూలుచీర కట్టుకుని వేదిక ఎక్కింది. మైకు తన ఎత్తుకు సరిచేసుకుంది.

"మా నాయన నన్నొక పోలిక చెప్పమన్నాడు. పోల్చి చూసేది నా పనే, చెప్తాను," అని మొదలుపెట్టింది.

ఆ నియంత ఒక్కరోజులో పుట్టుకురాలేదంది. మొదట అతని మనుషులు ఎదుటివాళ్ల మీటింగులు చెడగొట్టారు. తర్వాత పత్రికలు మూతపడ్డాయి, నోరెత్తినవాళ్లు జైళ్లకు పోయారు, చివరికి ఎలక్షన్లే లేకుండా పోయాయి. ఆ తర్వాత జరిగిన చావుల గురించి చెబుతుంటే మా అమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. వీధి చివర సముద్రం హోరు వినబడుతోంది.

"మీరు తిట్టే ఈయన పత్రికలు మూయించినాడా? ఎవుర్నన్నా జైల్లో ఏయించినాడా?"

"లేదు," అన్నారు ఎవరో వెనకనుంచి.

"అట్లయితే ఆ పేరు ఈయనకి తగదు. ఈయనకి నేను ఓటెయ్యను, అది వేరే సంగతి. రేపు ఈయనే ఆ పనులు చేస్తే, ఇదే మైకులో ఆ పేరు నేనే చెప్తాను." మావాళ్ల వైపు తిరిగింది. "ఇంగొకటి ఉండాది. పోయిన వారం ఈడనే వాళ్ల మీటింగు జరగతా ఉంటే పందిరి పీకింది ఎవురు?"

అందరికీ తెలుసు.

"అట్లని మనల్ని నియంతలని అననులే. కానీ ఆ పని మాత్రం ఆ దారిలోదే. మనుషులకి పేర్లు అంటించేదానికి కాదు నేను చదివింది. అట్లాంటి పని మొదలైనప్పుడే గుర్తుపట్టేదానికి."

"దిగు మే కిందికి!" అని ఒకడు అరిచాడు. రాయొకటి వచ్చి వేదిక మీద పడింది. మేస్త్రి లేచాడు. కొడతాడనుకుని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన కూతురి ముందు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"రాయి ఏసేవాడు నా మీద ఎయ్యండిరా! బిడ్డ అడిగింది నన్ను. ఆ పందిరి పీకించింది నేనే."

అంత పెద్ద గొంతున్న మనిషి ఆ చివరి మాట దగ్గర చిన్నపిల్లాడిలా తడబడ్డాడు. మీటింగు అక్కడితో ముగిసింది.

మరుసటి వారం ఎదుటి పక్షం వాళ్లు మళ్లీ అక్కడే మీటింగు పెట్టుకుంటే మేస్త్రే దగ్గరుండి పందిరి వేయించాడు. అక్క మొదటినుంచి చివరిదాకా కూర్చుని ఆ కోపిష్టి నాయకుడి మాటలు విన్నది. ఆ ఎలక్షన్లో మావాళ్లు ఓడిపోయారు. ఆ ఓటమికి కొందరు మేస్త్రిని తప్పుపట్టి చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. కూతురిని ఆయన ఒక్క మాట అన్నట్టు మేమెవరమూ వినలేదు.

ఇప్పుడు నాకు ఎనభై దగ్గరపడ్డాయి. నాయకుల్ని పాతకాలపు నియంతలతో పోలుస్తూ మా ఇంట్లోనే పిల్లలు వాదులాడుకుంటారు. పోల్చొద్దని నేననను. ఆ నాయకుడు చేసిన పనేమిటో చెప్పమంటాను. ఆ తర్వాత, మనం మెచ్చినవాళ్లు ఆ పని చేయడం లేదు కదా అని అడుగుతాను. మొదటిది అడగడం తేలికే. రెండోది అడగడం మాత్రం ఈ వయసులోనూ నాకు కష్టమే. అయినా అడుగుతాను.