జానెడు తక్కువైన స్కీలు

ఉస్తాద్ పోయాడని వర్క్‌షాపు వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోను నుంచే అల్లుడు పెట్టాడు. పొద్దున కౌంటరు తెరిచి నిన్నటి వసూళ్ళు రాసుకుంటూ ఉండగా ఫోను మోగింది. జగిత్యాల దగ్గర సొంత ఊళ్ళో, అన్నం తింటూ పక్కకు ఒరిగిపోయాడట. కింద ఒక ఫొటో ఉంది. వరండాలో అద్దాల ఫ్రీజరు, లోపల ఆయన. కొడుకు దుబాయి నుంచి వచ్చేదాకా ఉంచాలి కాబట్టి అద్దెకు తెప్పించారు. బతికినన్నాళ్ళూ మంచులో పనిచేసి చివరికి మళ్ళీ మంచుపెట్టెలోకే పోయాడని గ్రూపులో ఒకడు రాశాడు. దాని కింద నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. ఉస్తాద్ ఉంటే ఐదోది ఆయనే పెట్టేవాడు.

నేను ఫొటోను పెద్దది చేసి చూశాను. వరండా గచ్చు ఎగుడుదిగుడుగా ఉన్నట్టుంది. ఫ్రీజరు ఊగకుండా ఒక వైపు కాళ్ళ కింద రెండు ముక్కలు పెట్టారు. ఎర్రటి ముక్కలు, అంచున ఇనుప పట్టీ. చూడగానే గుర్తుపట్టాను. అవి మా అమ్మాయి స్కీల వెనక భాగాలు. వాటిని కోసింది ఉస్తాదే.

ఇది చదివే మీలో చాలామంది మంచు తొక్కి ఉండరు. నేనూ ఈ దేశం వచ్చేదాకా తొక్కలేదు. రియాద్‌లో ఒక మాల్ లోపల మంచు హాలు ఉంది. బయట ఎండకు కారు తలుపు ముట్టుకోలేం, లోపల స్వెట్టర్ లేకుండా నిలబడలేం. మిషన్లతో కురిపించిన మంచు మీద చిన్న వాలు. బూట్ల కింద స్కీలు, అంటే పొడవాటి పలకలు బిగించుకొని దాని మీద జారతారు. నేను అక్కడ అద్దె కౌంటరులో రోజువారీ లెక్కలు చూస్తాను. పదోతరగతి దాటలేదు. పక్కవాళ్ళ పుస్తకాలు చూసి లెక్కలు నేర్చుకున్నాను. నా భార్య ఇక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. మాది భీమవరం వైపు.

ఉస్తాద్ ఏసీ పనికని వచ్చి, ఎవరో విదేశీయుడి పక్కన నిలబడి స్కీలకు పదును పెట్టడం నేర్చి, వర్క్‌షాపుకు పెద్ద అయ్యాడు. రెండు మంకీ టోపీలు, ఒకదాని మీద ఒకటి. పలకలకు మైనం పూసే ఇస్త్రీపెట్టె మీదే టీ గ్లాసు పెట్టి వేడి చేసుకునేవాడు. ఏది ఊగినా ఓర్చుకోలేడు. బల్ల ఊగితే కింద చెక్కముక్క, స్టవ్వు ఊగితే రేకు ముక్క. అందుకని పనికిమాలిన ప్రతి తుంటా ఆయన సంచీలో చేరేది.

మంచి మాట ఆయన నోట రావడం నేను వినలేదు. స్కీని బూటుకు పట్టి ఉంచే కొక్కేన్ని మనిషి బరువును బట్టి బిగించాలి. పడినప్పుడు అది ఊడకపోతే మోకాలు పోతుంది. ఆడవాళ్ళో లావుపాటి మగవాళ్ళో బరువు తగ్గించి చెబితే, వరసలో అందరి ముందూ కాటా మీద నిలబెట్టి అంకె గట్టిగా చదివేవాడు. హెల్పర్లను ఏడిపించేవాడు. నన్నైతే, "లెక్కల సారూ, నీకు దేవుడు నోరు పెట్టలేదా, పెడితే అమ్ముకున్నవా?" అనేవాడు. నేను జవాబు చెప్పలేదని మళ్ళీ నవ్వేవాడు.

మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. స్టాఫ్ పిల్లలకిచ్చే పాసు మీద జారడం నేర్చుకుంది. కొత్తగా వచ్చిన కోచ్ ఆమెను చూసి రేసు తర్ఫీదులో చేర్చాడు. కొన్నాళ్ళకు ఆరుగురితో ఒక జట్టు కడతామని, ఎంపికైన వాళ్ళను చలికాలంలో నిజమైన కొండకు తీసుకెళతామని చెప్పారు. పరీక్ష రోజుకు ఎవరి రేసు స్కీలు వాళ్ళు తెచ్చుకోవాలి. ఆ రోజు నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. అమ్మాయి మంచం పక్క గోడకు ఒక మంచుకొండ బొమ్మ అంటించింది. రోజూ ఆ బొమ్మకు ఎదురుగా మోకాళ్ళు వంచి నిలబడి పళ్ళు తోముకునేది.

నా భార్య ఆసుపత్రిలో ఒక విదేశీ డాక్టరమ్మ దేశం వదిలి వెళుతూ తన స్కీలు, బూట్లు అమ్మింది. ఎర్రటి రేసు స్కీలు, గీత పడలేదు. నిలబెడితే మా అమ్మాయి తల మీద ఇంకా వేలెడు పైకున్నాయి. బూట్లు ఒక సైజు పెద్దవి. మాకది లోపంగా తోచనే లేదు. స్కూలు బూట్లు మేం ఎప్పుడూ అలాగే కొంటాం, ముందు దూది కూరుతాం. పావడా అంచు లోపలికి మడిచి కుట్టి, ఏడాదికొక మడత విప్పుతాం. "పెరిగే పిల్ల కదండీ, రెండేళ్ళు వస్తాయి," అంది నా భార్య. ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో తోచక, పిల్లల బట్టల కింద రాశాను.

పరీక్షకు వారం ముందు ముగ్గురం వర్క్‌షాపుకు వెళ్ళాం. జట్టుకు పోటీపడే పిల్లలు కొందరు తమ స్కీలకు పదును పెట్టించుకుంటూ అక్కడే ఉన్నారు. ఉస్తాద్ ఒక స్కీ కొన నేలకానించి, మధ్యలో అరచేత్తో నొక్కి చూశాడు.

"ఎవలియి ఇవి?"

"మా అమ్మాయివండీ," అంది నా భార్య.

"నీకైతే సరిపోతయ్ సిస్టరమ్మా. జారుతవా?"

పిల్లలు నవ్వారు. ఆయన మా అమ్మాయిని పిలిచి, "గిది వంచు బిడ్డా," అన్నాడు. అమ్మాయి రెండు చేతులా నొక్కింది. తరవాత ఒళ్ళంతా మోపి నొక్కింది. పలక కదల్లేదు.

"పలకను నువ్వు వంచాలె. అప్పుడే తిరుగుతది. నువ్వు వంచకపోతే అది నిన్ను వంచుతది." బూటు విప్పించాడు. లోపల వేళ్ళు పెట్టి దూది ఉండ లాగాడు. అందరికీ కనిపించేలా పైకెత్తి, "ఇది దవాఖాన పత్తియేనా సిస్టరమ్మా? దెబ్బ తాకకముందే కట్టు కట్టినవ్?" అన్నాడు.

నా భార్య మొహం ఎర్రబడింది. "రేపు పెరుగుతుందండీ. పెరిగే పిల్లకి సరిగ్గా కొంటారా ఎవరైనా?"

"రేపు పెరిగే పోరి రేపు అస్తది. ఇయ్యాల ఎవలు జారుతున్నరు?"

"మీ పని కొక్కేలు బిగించడం. బిగించండి. ముదీర్‌తో చెప్పించమంటారా?"

ముదీర్ అంటే మా మేనేజరు. ఉస్తాద్ చేతిలోని బూటు బల్ల మీద పెట్టాడు. తరవాత అమ్మాయిని గోడకానించి నిలబెట్టి, పక్కన స్కీ పెట్టి, ఆమె గడ్డం దగ్గరి నుంచి స్కీ కొన దాకా జాన వేసి కొలిచాడు. అంతే కొలత స్కీ వెనక చివర గీశాడు. కొక్కేల కోసమే అనుకున్నాం. స్కీలను బల్లకు బిగించి, గోడకున్న గ్రైండరు అందుకున్నాడు. ఆయనేం చేస్తున్నాడో మాకు అర్థమయ్యేలోపే నిప్పురవ్వలు లేచాయి, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఒక ముక్క కింద పడింది. మా అమ్మాయి అరిచింది. ఆయన ఆపలేదు. రెండోదీ పడింది.

కళ్ళద్దాలు తీసి, కోసిన స్కీ ఆమె పక్కన నిలబెట్టాడు. సరిగ్గా గడ్డం దాకా వచ్చింది.

"ఇగో, ఇప్పుడు సైజుకు అచ్చినయ్."

ఎవరూ నవ్వలేదు. కింద పడ్డ ముక్కలు తీసి, దుమ్ము దులిపి, "గివి నాకు పనికస్తయ్," అని సంచీలో వేసుకున్నాడు.

కోసినవి ఇక జారడానికి పనికిరావు కాబట్టి, కోచ్‌ను ఒప్పించి పరీక్ష రోజు మా అమ్మాయి హాలు వాళ్ళ పాత అద్దె స్కీల మీద జారింది. పొట్టివి, రంగు పోయినవి. ముందు రోజంతా వాటి అంచులు రుద్దుతూ కూర్చున్నది ఉస్తాదే. మొదలుపెట్టే చోటికి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర మోకరించాడు. బూటు అడుగుకు అంటిన మంచును చేతి తొడుగు తీసి వట్టి వేలితో గీకి తుడిచాడు. ఆయన ఎవరి ముందూ మోకరించగా నేను చూడలేదు. అమ్మాయి ఆయన తల మీదుగా దూరంగా చూస్తూ ఉంది.

"ఆఖరికి అచ్చినా సరే బిడ్డా. నిలబడి రా."

నిలబడే వచ్చింది. కానీ పడకుండా వచ్చినవాళ్ళలో ఆమె కంటే వెనకబడింది ఒక్కరే. మలుపు దగ్గర ముగ్గురు పడ్డారు. పడ్డవాళ్ళలో ఇద్దర్ని జట్టులోకి తీసుకున్నారు. వాళ్ళ వేగం నచ్చిందట. పొడుగు స్కీల మీద వచ్చినవాళ్ళే. మా అమ్మాయి పేరు పిలవలేదు.

ఆమె నేరుగా వర్క్‌షాపుకు వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. "నిలబడి వచ్చాను. ఇప్పుడేం చెయ్యమంటారు?" అని అడిగింది.

ఉస్తాద్ తల ఎత్తకుండా, "బూట్లు ఇప్పు. తడుస్తయ్," అన్నాడు.

ఆ రాత్రి ఆమె కొండ బొమ్మ చింపేసింది. మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు, మంచు మీదకూ వెళ్ళలేదు. నా భార్య ముదీర్‌కు ఫిర్యాదు ఇచ్చింది. ఏం చూశావని నన్ను పిలిచి అడిగారు. చూసింది చెప్పాను. ఉస్తాద్‌ను వర్క్‌షాపు నుంచి తీసి మంచు ఎత్తే పనిలో వేశారు. ఆ వయసులో పార పట్టుకొని, తను పదును పెట్టిన స్కీల వెనకే మంచు సర్దుకుంటూ తిరిగాడు. కాంట్రాక్టు అయిపోగానే ఖురూజ్, అంటే ఇక తిరిగి రాని ప్రయాణానికి కాగితాలు ఇచ్చి పంపేశారు. వెళ్ళే ముందు కౌంటరు దగ్గరికి వచ్చి, "సక్కగ చెప్పినవ్ సారూ. ఒక్క ముక్క ఎక్వ లేదు, తక్వ లేదు. నోరున్నది నీకు," అన్నాడు. ఎత్తిపొడుపో మెచ్చుకోలో ఆయన మొహం చూస్తే తెలియలేదు.

ఆయన చేసింది సరైన పనేనని రాయడానికి నేను కూర్చోలేదు. ఆ ఏడాది జట్టులో ఎవరి మోకాలూ విరగలేదు. ఆ పిల్లలు కొండకు వెళ్ళి, ఫొటోలు దిగి తిరిగొచ్చారు. ఆయన ఇంకోలా చెప్పవచ్చు, పక్కకు పిలిచి చెప్పవచ్చు. అది ఆయనకు చేతకాలేదో, అక్కర్లేదనుకున్నాడో నాకు తెలియదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మా ఇంట్లో మేమందరం రెండేళ్ళ తరవాత రాబోయే అమ్మాయిని చూస్తూ ఉంటే, ఆ రోజు గోడకానుకొని నిలబడ్డ పిల్లను, అంత పొట్టిగా, అంత బక్కగా, ఉన్నది ఉన్నట్టు చూసింది ఆయనొక్కడే. ఆ తరవాత మా ఇంట్లో బూట్లలో దూది కూరలేదు. పాదం ఎంతో బూటూ అంతే కొన్నాం. అది నాకు ఆయన నేర్పిందే, నేర్చుకున్నానని ఆయనతో చెప్పలేదు.

కోసిన స్కీలను పారేయడానికి నా భార్యకు చేతులు రాలేదు. ఒకటి అటక మీద ఉంది. ఇంకొకటి బాల్కనీలో బట్టల తీగ జారకుండా ఊతంగా నిలబడి ఉంది.

ఆ సాయంత్రం మా అమ్మాయికి ఫొటో చూపించాను. ఇప్పుడు వాళ్ళమ్మ కంటే పొడుగు. ఫ్రీజరు కింది ముక్కలను నాలాగే వేళ్ళతో పెద్దవి చేసి చూసింది. బాల్కనీలోకి వెళ్ళి తీగ కింది నుంచి స్కీ తీసింది. తడి బట్టలు కిందికి వేలాడాయి. కోసిన చివర నేల మీద ఆనించి, గోడకు వీపు పెట్టి, ఆయన నిలబెట్టినట్టే నిటారుగా నిలబడింది. స్కీ కొన భుజం దాకా వచ్చి ఆగింది. అక్కడ బొటనవేలు పెట్టి, చెయ్యి చాచి పైకి జాన వేసింది. చిటికెన వేలు ముక్కుకు తగిలింది.

"ఆ ముక్కలుంటే ఇప్పుడు సరిగ్గా సరిపోయేవి నాన్నా," అంది.

చెయ్యి దించలేదు. స్కీ కొనకూ ముక్కుకూ మధ్య, ఏమీ లేని చోట, ఆ వేళ్ళు అలాగే చాచి ఉన్నాయి.