మొదటి తాకిడికి పలకని ఉరుము

ఈ ఉదయం బుక్కరాయసముద్రంలో ఒక టీ అంగడి పక్కన ఇద్దరు మనుషులు పాత కాగితాలు మండించి తప్పెటలకు కాక చూపిస్తున్నారు. వేడెక్కిన తోలు వాసన ముక్కుకు తగిలింది. చేతిలో గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అది గుమ్మఘట్ట నారప్ప తాత ఇంటి ముందరి వాసన. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన మీద నాకున్న కోపం మాత్రం ఇంకా పోలేదు.

నన్నెవరైనా ఒక మాట అంటే నేను మరిచిపోను. అది నా గుణం. ఇంట్లోవాళ్లు జబ్బు అంటారు. నారప్ప తాత నన్ను అన్నవి రెండు మాటలు. అనాల్సి ఉండీ అననిది ఒకటి. మూడూ అలాగే ఉన్నాయి.

నా పని ఫోన్లకూ ట్యాబ్‌లకూ తెరలు గీయడం. మా సంస్థ ఒక శాంప్లర్ తయారు చేసింది. వాద్యం శబ్దాలను ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి, తెర మీద వేలితో తాకితే అవే పలికేలా చేసే సాఫ్ట్‌వేర్ అది. ఏ బొమ్మ ఎక్కడుండాలి, ఎక్కడ తాకితే ఏది పలకాలి అన్నది నా బాధ్యత. మా జిల్లా వాద్యమని ఉరుమును పెట్టించింది కూడా నేనే. రెండు ముఖాల డోలు అది. ఒక ముఖాన్ని పుల్లతో కొడతారు, రెండో ముఖాన్ని వంకర పుల్లతో రుద్దుతారు. రుద్దినప్పుడు దూరాన మబ్బు మూలిగినట్టుంటుంది. వాయించేవాళ్లలో పెద్ద చెయ్యి నారప్ప తాతది అని అందరూ చెబితే ఆయన దగ్గరికి పోయాను.

ఆ రోజు మబ్బు పట్టింది. తోలు మెత్తబడిందని ఆయన శెనక్కాయల పొట్టు రాజేసి ఉరుముకు కాక చూపించాడు. నేను ఎదురుగా కూర్చుని మూడు రోజులు రికార్డు చేసుకున్నాను. నెల తర్వాత తెర సిద్ధం చేసి, ట్యాబ్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. మా మేనేజర్ కూడా బెంగళూరు నుంచి వచ్చి ఉన్నాడు. తాత రెండు చేతులూ తెర మీదికి తెచ్చాడు. చేతులు ఒకదాని మీదుగా ఒకటి అడ్డం పడ్డాయి. మళ్లీ తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే.

"పాపా, దీన్ని యాడ కూర్చోని గీసినావు?"

"మీ ఎదురుగానే గదా తాతా."

"అదే చెప్తాండా. ఇది నువ్వు చూసిన ఉరుము. నేను వాయించేది కాదు." ట్యాబ్‌ను నా వైపు తిప్పి పెట్టాడు. "ధర్మవరంలో మగ్గం ఇంటి బిడ్డనంటివే! మగ్గం మీద కూర్చున్నోనికి చీర ఎట్ల కనపడుతాదో, అంగట్లో అట్లే కనపడుతాదా? ఈ మాత్రం తెలీదా నీకు?"

మేనేజర్ నవ్వాడు. తాత భార్య ఓబులమ్మవ్వ గడప దగ్గర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా నాయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసిన మనిషి. ఆ మాట నన్ను ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అద్దంలోలాగా కుడి ఎడమలు తారుమారుగా గీశానని ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది. దిద్దడానికి ఒక పూట సరిపోయింది.

రెండోసారి పోయినప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. ఈసారి చేతులు సరిగ్గా కూర్చున్నాయి. చాలాసేపు వాయించాడు. ఇక 'బాగుంది' అంటాడని ఎదురు చూశాను.

"నా దండం యాడ తీసేసినావు?" అన్నాడు.

మొదట నాకు అర్థం కాలేదు. వాయించడానికి కూర్చున్న ప్రతిసారీ ఆయన అరచేతితో తోలును ఒకసారి మెల్లగా నిమిరి, ఆ చెయ్యి కళ్లకు అద్దుకునేవాడు. ఆ నిమిరిన చప్పుడు రికార్డులో పడింది. అనవసరపు శబ్దమని నేనే కత్తిరించాను.

"తాతా, తెర మీద దండం ఎట్ల పెడతారు?"

"నన్నడుగుతావేందమ్మా? బొమ్మలు గీసేది నువ్వు. దండం పెట్టకుండా కొట్టే చెయ్యి నాది కాదు." అని పకపకా నవ్వాడు.

ఆ నవ్వే నన్ను తికమక పెట్టింది. నిజంగా అడిగాడా, పట్నం పిల్లను ఆట పట్టించాడా? దారి పొడవునా బస్సులో అదే ఆలోచన. ఇంటికి వచ్చాక పారేసిన ముక్కను వెతికి తీశాను. ఉరుము తెర తెరిచాక మొదటిసారి ఎక్కడ తాకినా ఆ నిమిరిన చప్పుడే వచ్చేలా, రెండో తాకిడి నుంచే ఉరుము పలికేలా మార్చాను. మళ్లీ గుమ్మఘట్టకు పోయాను.

తాత తెరను తాకాడు. తోలు మీద అరచెయ్యి జారిన సన్నని చప్పుడు. ఆయన వేలు అక్కడే ఆగింది.

"నీళ్లు తాగుతావా పాపా?" అని లేచి లోపలికి పోయాడు.

అంతే. బాగుందని అనలేదు. ఆ తర్వాత కొన్ని నెలలకే పోయాడని కబురొచ్చింది. పలకరించడానికి పోయి, ఉండబట్టలేక అవ్వను అడిగేశాను: "నా పని బాగుందని ఎప్పుడన్నా అన్నాడా అవ్వా?"

"ఆయప్పనా?" అంది ఓబులమ్మవ్వ. "యాభై ఏండ్లు నా చేతి సంగటి తిన్నాడు. బాగుందని నాకే చెప్పలే. నీకు చెప్తాడా?"

ఇప్పుడు వాడేవాళ్ల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి. ఉరుము మొదటి తాకిడికి పలకడం లేదట, లోపం సరిచేయాలట. జీవితమంతా ఇతరుల మీద ఫిర్యాదులు రాసిన నాకు ఇది కొత్త. తీసెయ్యమని మేనేజర్ మూడుసార్లు రాశాడు. ఈ రోజు సాయంత్రంలోగా తీసెయ్యాలి, లేదా ఎందుకు తీయకూడదో కారణం చెప్పాలి.

టీ అంగడి దగ్గర ఒకతను కాక చూపించడం ముగించి తప్పెట భుజానికి తగిలించుకున్నాడు. నేను అతని చేతినే చూశాను. నిమరలేదు, కళ్లకు అద్దుకోలేదు. ఎత్తుకోవడమే దెబ్బతో ఎత్తుకున్నాడు.

"అన్నా, దండం పెట్టుకోలేదే?" అన్నాను.

"ఏం దండమమ్మా? ఆడ పెండ్లికొడుకు గుర్రమెక్కి కూర్చోనుండాడు!"

అయితే అది అందరి పద్ధతీ కాదు. ఉరుముల వాళ్లదా? నారప్ప తాత ఒక్కడిదేనా? లేక నన్ను పరీక్షించడానికి అప్పటికప్పుడు అన్న మాటా? అడుగుదామంటే మనిషి లేడు. ఉన్నా, నీళ్లు తాగుతావా అనే అడిగేవాడు.

ఇంటికి వచ్చి మేనేజర్‌కు జవాబు రాశాను. తీయను అని. కారణం ఏం రాయాలో తోచలేదు. రాసినవన్నీ చెరిపేసి, తెర తెరిచి ఒకసారి తాకాను. పొట్టు మంట పక్కన ఒక ముసలి అరచెయ్యి తోలును నిమిరింది. కొట్టే ముందు చెయ్యి ఎవరిదో చెప్పుకున్నట్టు అనిపించింది. అలా అనుకోవడం నా భ్రమ కూడా కావచ్చు. రెండోసారి తాకకుండా చెయ్యి వెనక్కి తీసుకుని, కారణం అన్నచోట ఖాళీగానే వదిలి జవాబు పంపేశాను.