సున్నం చల్లిన ఇంజిన్

ఆదివారం సాయంత్రం, హోసూరు. ఉన్నవాళ్ళు: జనరేటర్ మెకానిక్, వాచ్‌మన్ భార్య గంగమ్మ, నేను.

నిన్నటి డైరీ ఇంతవరకు రాసి ఆపేశాను. మా అపార్ట్‌మెంట్ జనరేటర్‌కు ఇంజిన్ తల మీద ఉండే మూత, వాల్వ్ కవర్, అంచుల నుంచి మళ్ళీ ఆయిల్ కారుస్తోంది. మెకానిక్ మూత కింద వేసే ప్యాకింగ్ మార్చి, బోల్టులు గట్టిగా బిగించి, ఇక కారదని చెప్పి వెళ్ళాడు. రాత్రి మళ్ళీ వేడి ఇంజిన్ మీద కాలిన ఆయిల్ వాసన మెట్లెక్కి మా ఇంటిదాకా వచ్చింది. జనరేటర్ పక్క గదిలో ఉండే గంగమ్మ కిటికీ మూసేసుకుంది. నేను కూర్చోలేకపోయాను, పడుకోలేకపోయాను. ఆ వాసన తగిలితే తిమ్మరాయప్ప వచ్చి నా వెనక నిలబడ్డట్టే ఉంటుంది.

ఆయన నేను పనిచేసిన డీజిల్ ఇంజిన్ల షాపుకు ఫోర్‌మన్. అత్తిముగం ఊరి మనిషి. టీ కూడా నడుస్తూనే తాగేవాడు. ఎవరైనా కుర్చీ వేస్తే దాని వీపు పట్టుకుని నిలబడేవాడు తప్ప కూర్చునేవాడు కాదు. ఇంజిన్ బాగుపడే వరకు ఆయన ఒంట్లో ఏదో ఒకటి కదులుతూనే ఉండేది: కాలో, వేలో, దవడో. మొదట్లో ఆ తీరు నాకు విసుగు. తర్వాత ఎప్పుడు అంటుకుందో నాకూ అంటుకుంది.

కెలమంగలం దగ్గర మునిరత్నమ్మ అనే ఆమెకు మల్బరీ తోట, దాని పక్కనే పట్టుపురుగుల షెడ్డు ఉండేవి. కరెంటు సరిగా లేని ఆ ఎండాకాలం తోటకు నీళ్ళు పెట్టేది డీజిల్ ఇంజినే. దాని వాల్వ్ కవర్ ఎన్నిసార్లు ప్యాకింగ్ మార్చినా కారేది. ఇంజిన్ ఆగితే ఆకు లేదు. పురుగులేమో నాలుగో జ్వరం దాటాయి. పొర విడవడాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగోది దాటాక పురుగు రాత్రింబవళ్ళు తినాలి, తింటేనే గూడు కడుతుంది. ఆమెకు ఆ ఏడాది ఆధారమంతా ఆ పంటే.

తిమ్మరాయప్ప నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. నేను స్పానర్ తీస్తే కింద పెట్టమన్నాడు. బిగించేకొద్దీ మూత రేకు వంగుతుందని, బోల్టు బోల్టుకూ మధ్య సందు పెరుగుతుందని చెప్పాడు. ఇంజిన్ అంతా శుభ్రంగా తుడిపించి, పురుగులకు చల్లే సున్నప్పొడి పిడికెడు తెప్పించి, దాన్ని మూత చుట్టూ అద్దాడు.

మునిరత్నమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "ఏమప్పా, ఇంజిన్‌కీ జ్వరం వచ్చిందా, సున్నం చల్లతా ఉండావు?"

"వచ్చిందమ్మా. యాడ చెమట పడతా ఉందో చూడల్ల."

ఇంజిన్ నడిపించాం. సున్నం ఒక్క చోట కాకుండా మూత చుట్టూ ఒకేసారి తడిసింది. ఆయన వెంటనే ఇంజిన్ వెనక్కి వంగి, షెడ్డు గోడ వైపు తిరిగి ఉన్న బ్రీదర్ పైపును తడిమాడు. ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారి అది. దాని మూతిలో నుంచి ఒక గుడ్డముక్క బయటికి లాగాడు. ఆవిరి పోయే దారి లేక, లోపలి ఒత్తిడి ఆయిల్‌ను అంచుల నుంచి నెడుతోంది.

ఆమె వెనకాడలేదు. "నేనే కుక్కినానప్పా. ఆ పొగ షెడ్డులోకి కొడతా ఉంటే పురుగులు ఆకు ముట్టకుండా తలకాయ ఎత్తుకొని ఉండిపోయినాయి."

నేను ఏదో అనబోయాను. తిమ్మరాయప్ప ఆ గుడ్డముక్కను నా చేతిలో పెట్టాడు. ఆయన షెడ్డుకూ ఇంజిన్‌కూ మధ్య అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఆమెతో అన్నాడు: "నువ్వు అడ్డం పెట్టింది మంచికేనమ్మా. పొగకు వేరే దోవ చేస్తాము."

తోటలో పడి ఉన్న పాత హోస్ పైపు ముక్కను బ్రీదర్‌కు తగిలించి, గోడ చుట్టూ తిప్పి, గాలి షెడ్డు వైపు రాని చోట ఒక డబ్బాలోకి దించాం. వంగిన మూతను చదునైన రాయి మీద పెట్టి తట్టి సరిచేసి, కొత్త ప్యాకింగ్ వేసి, మధ్య బోల్టు నుంచి అంచులకు కొద్దికొద్దిగా బిగించాం. కొత్తగా సున్నం అద్దాం. నడిపితే తడవలేదు. తిరుగు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఆయన కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చాడు. పని అయిపోయింది కదన్నా అన్నాను.

"అయిందని చెప్పాల్సింది మనం కాదప్పా," అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

మర్నాడు మొదటి బస్సుకే మళ్ళీ కెలమంగలం వెళ్ళాం. నేను నేరుగా ఇంజిన్ దగ్గరికి పోయాను. సున్నం తెల్లగానే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన లేడు. షెడ్డు తలుపు దగ్గర, చెవి ఆనించి, కదలకుండా నిలబడి ఉన్నాడు. నేనూ వెళ్ళి విన్నాను. లోపల వేల పురుగులు ఆకు కొరుకుతున్న చప్పుడు, రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు. అంతసేపు ఆయన కదలకుండా ఉండటం నేను చూసింది అప్పుడే.

ఆయన పోయి చాలా కాలమైంది. ఈ ఉదయం కిందికి దిగాను. జనరేటర్ దాటి ముందు గంగమ్మ గది దగ్గరికి నడిచాను. కిటికీ ఇంకా మూసే ఉంది. లోపల ఆమె దగ్గుతోంది. అక్కడి నుంచే మెకానిక్‌కు ఫోన్ చేసి, స్పానర్ తీసే ముందు బ్రీదర్ చూడమని, వచ్చేటప్పుడు పొడవాటి హోస్ ఒకటి తెమ్మని చెప్పాను.