ఏం కూర అని అడగొద్దన్నాను

కూర్చో అమ్మలూ. ఆ కాళ్ళు ఊపడం ఆపి సరిగ్గా విను. నేను చెప్పింది చెప్పినట్టు ఫోన్లో కొట్టు, తప్పులు దిద్దకు.

నేను ఈ రియాద్‌లో అరబ్బుల ఇంట్లో ఏళ్ళ తరబడి వంట చేశానా, ఇప్పుడంటే మీ ఇంట్లో కూర్చుని తింటున్నాను. మా గోదావరి వైపు నుంచి ఇలా ఇళ్ళల్లో పనికొచ్చిన ఆడవాళ్ళకి ఫోన్లో గ్రూపు పెట్టింది నేనే. పనికి రప్పించిన యజమాని, అదే కఫీల్, పాస్‌పోర్టు దాచేసి ఊరికి పంపకపోయినా, ఎవరైనా చెయ్యి చేసుకున్నా అందులో చెప్పాలి. మిగతావాళ్ళం ఎంబసీకి ఫోన్ల మీద ఫోన్లు చెయ్యాలి. రాయడం రానివాళ్ళే ఎక్కువ, అందుకని గొంతు రికార్డు చేసి పంపేవారు. అలా ఒకావిడకి దేశం దాటే ఎగ్జిట్ వీసా కొట్టించి ఇంటికి పంపించాం కూడా.

కానీ రోజంతా కూరల గోల! "పిన్నీ, ఇవాళ దొంగచాటుగా చింతపండు చారు కాచుకున్నా." "ఇంగువ వాసనకి మా మేడమ్ ఇల్లంతా అగరు పొగేసింది!" "మీదేం కూర?" నాకు ఒళ్ళు మండింది. "ఇది కష్టాలు చెప్పుకునే చోటా, కూరల సంతా?" అని కసిరి, నేను తప్ప ఎవరూ మాట్లాడకుండా మీ నాన్న చేత నొక్కించేశాను. కష్టమొస్తే నాకు విడిగా చెప్పమన్నాను.

ఎవరూ చెప్పలేదు. అందరూ సుఖంగా ఉన్నారనుకున్నాను, బుద్ధి లేక.

కొన్నాళ్ళకి మా గ్రూపులో ఒకామెని పనిచేసే ఇంటివాళ్ళు గదిలో పెట్టి తాళం వేశారని తెలిసింది. అందరూ ఎంబసీకి ఫోన్ చెయ్యండర్రా అని మొత్తుకున్నాను. చేసింది ఇద్దరు. ఆమె బయటపడేసరికి చిక్కి సగమైంది.

ఆ శుక్రవారం బతా బజార్లో గోంగూర ఏరుతుంటే మా గ్రూపులో ఉన్నావిడే ఒకర్తి కనబడింది. అక్కడే దులిపేశాను.

"సాటి మనిషి కోసం ఒక్క ఫోన్ చెయ్యలేకపోయారటే!"

ఆవిడ ఊరుకుంటుందా? "కూర చెప్పడానికే నోరెత్తొద్దన్నావు, కష్టం ఏ నోటితో చెప్తాం పిన్నీ? గ్రూపులో అందరికన్నా చిన్నది, ఆ పిల్ల గుర్తుందా? పప్పు వండానంటుంటే గొంతు వణికింది. అది విని కదా నువ్వు ఫోన్ చేసి ఏమైందే అన్నావు? కొడుతున్నారని అప్పుడు కదా చెప్పింది? ఇప్పుడది ఎలా ఉందో చెప్పు చూద్దాం."

నాకేం తెలుసు? గోంగూర అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఆ సాయంత్రమే గ్రూపు తెరిపించి, "నేనివాళ వంకాయ పులుసు పెట్టానర్రా, మీరేం కూర?" అన్నాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నేను మానలేదు. మూడోనాడు ఒకర్తి భయంభయంగా "టమాటా" అంది. తర్వాత ఇంకొకర్తి. ఇప్పుడు పొద్దున్నే ఒకరివొకరు వింటారు. ఎవరి గొంతు రాకపోయినా మిగతావాళ్ళు ఆ పిల్లకి ఫోన్ చేసి కనుక్కోవాలని కట్టడి.

అందరూ వచ్చారు అమ్మలూ, ఆ చిన్నది తప్ప. ఫోన్ కలవదు. ఎంబసీలో పేరిచ్చాం, చూస్తామన్నారు. ఊళ్ళో వాళ్ళమ్మ నన్నే అడుగుతోంది. నేను రోజూ ఏం కూరే అని పంపుతూనే ఉన్నాను, ఒక్క టిక్కు గీత దగ్గరే ఆగిపోతోంది, దాని ఫోన్‌కి చేరడం లేదు. గ్రూపు మూయించకపోయుంటే...

"అమ్మా! అన్నం చల్లారిపోతోంది, రా!"

వస్తున్నా ఉండవే! అమ్మలూ, మీ అమ్మకి చెప్పు, ఆ పిల్ల ఏం తిందో తెలియకుండా నాకు ముద్ద దిగదని.