జీపు కింద పానా చప్పుడు

మా ఆయన ఆత్మ జీపులోకి వచ్చిందనీ, ఎవరూ తాళం తిప్పకుండానే ఇంజను స్టార్టయిందనీ, హారన్ దానంతటదే మోగిందనీ, ఆయన అందర్నీ దీవించి వెళ్ళిపోయాడనీ ఒక కథ తెనాలిలో పుట్టి రేపల్లె దాకా తిరుగుతోంది. మొన్న బాపట్లలో ఒక పెళ్ళికి వెళ్తే, బంతిలో నా పక్కన కూర్చున్నావిడ నేనెవరో తెలియక ఆ కథ నాకే చెప్పింది. చివర్లో పైట చెంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంది.

"ఇంజను స్టార్టవలేదండి. ఆ జీపుకి అప్పటికి హారనే బిగించలేదు," అన్నాను.

"మీకెలా తెలుసండి?"

"ఆ పోయినాయన నా మొగుడేనండి."

పాపం, పెరుగన్నం సగంలో వదిలేసి లేచిపోయింది.

అందుకే రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు ఒక్కసారి రాసి పెడితే, ఆపైన ఎవరు ఏం అల్లుకున్నా నాకు సంబంధం లేదు.

దెయ్యాలని నేను నమ్మను. ఇది కథకి ముందు చెప్పే మర్యాద మాట కాదు, ఇవాళ్టికీ నమ్మను. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పినదాన్ని, రుజువు లేని మాట ఎవరన్నా నోరు మూయించి గానీ ఊరుకోను. ఒకప్పుడు మేం అద్దెకి దిగిన ఇంట్లో మేడ మెట్ల మీద ఎవరో నడుస్తున్నారని పనిమనిషి మానేసి పోతే, మేడ మీద ఊగులాడుతున్న కిటికీ రెక్కకి తాడు కట్టి ఆ నడిచే మనిషిని పంపించేశాను. అలాంటిదాన్ని.

మా ఆయన మధుసూదనరావుకి బండ్ల పిచ్చి. నడిపే పిచ్చి కాదు, విప్పే పిచ్చి. ఉద్యోగం వేరే. ఆదివారం వచ్చిందంటే తెనాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులోకి దూరేవాడు. ఆయనకి తోడు ఇద్దరు. బాపట్ల నుంచి శేషగిరి గారు, ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. రేపల్లె నుంచి మురళి, రొయ్యల మేత వ్యాపారం. ముగ్గురూ కలిసి పాత ఇనుము కొట్లో పడి ఉన్న ఒక జీపు అస్థిపంజరాన్ని తెచ్చి, ఒక్కో ముక్కా ఒక్కో ఊళ్ళో వెతికి తెచ్చి కడుతూ వచ్చారు. కాఫీలు నావి, గ్రీజు మరకల తువ్వాళ్ళు ఉతకడం నాది, "ఇంకెంత, అయిపోవచ్చింది" అనే మాట ఆయనది. ఏళ్ళ తరబడి అయిపోవచ్చింది.

ఆ షెడ్డులో రెండు కట్టుబాట్లు ఉండేవి. జరిగింది అర్థం కావాలంటే ఆ రెండూ తెలియాలి.

మొదటిది గుర్తు. నట్టు బిగించాక, నట్టు మీద నుంచి పక్క ఇనుము మీదకి అడ్డంగా ఒక రంగు గీత గీసేవాళ్ళు. తర్వాత ఎప్పుడైనా నట్టు కాస్త వదులైతే గీత విరిగి పక్కకి జరుగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. ఎవరి రంగు వాళ్ళది. శేషగిరి గారిది తెలుపు, మురళిది నీలం. మా ఆయనది మెరూన్. అది నా నెయిల్ పాలిష్. నా అద్దం దగ్గర నుంచి ఎత్తుకుపోయాడు. అడిగితే, "నీ గోళ్ళకన్నా స్టీరింగుకి అందంగా ఉందే," అన్నాడు. బిగించకుండా గుర్తు పెట్టడం ఆ షెడ్డులో మహాపాపం. ఒకసారి తన రంగు మీద తనకే అనుమానం వచ్చి, చక్రాల నట్లన్నీ మళ్ళీ విప్పి బిగించిన మనిషి ఆయన.

రెండోది చప్పుడు. బండి కింద పడుకుని పని చేస్తున్నవాడు పైవాళ్ళకి కనపడడు. పైనుంచి ఎవరైనా తాళం మీద చెయ్యి వేస్తున్నారని అనుమానం వస్తే, కిందవాడు చేతిలో పానాతో ఛాసిస్ మీద, అంటే బండి అడుగు చట్రం మీద, కొడతాడు. రెండు గబగబా, కాస్త ఆగి ఇంకొకటి. అంటే, కింద మనిషి ఉన్నాడు, ముట్టుకోకు అని. పైవాడు వెంటనే తాళం లాగేసి "ఆగాను" అని అరవాలి. ఆ మాట వినపడేదాకా కిందవాడు కొడుతూనే ఉంటాడు. వంటింట్లో ఉన్న నాకు కూడా ఆ చప్పుడూ, ఆ "ఆగాను" కంఠతా వచ్చేశాయి.

ఒకరోజు పొద్దున్న వరండాలో పేపరు చదువుతూ ఆయన పోయాడు. గుండె. జీపుకీ దానికీ ఏ సంబంధం లేదు. జీపే ఆయన్ని పొట్టన పెట్టుకుందని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళతో వేరే దెబ్బలాట ఉంది నాకు.

సంవత్సరీకం లోపల జీపు పూర్తి చేస్తామని, మర్నాడు ఆయన ఫొటో ముందు పెట్టుకుని సూర్యలంక దాకా వెళ్ళి సముద్రం చూపించి వస్తామని శేషగిరి గారు, మురళి అన్నారు. నేను కాదనలేదు. వాళ్ళు ఆయన్ని ప్రేమించారు, అది నిజం. కానీ ప్రేమకి తొందర తోడైంది. బండి మొత్తం మళ్ళీ విప్పారు, ఛాసిస్‌కీ స్టీరింగు రాడ్లకీ కొత్త నల్ల రంగు కొట్టించారు. నిగనిగలాడింది. ఆ రంగు కింద పాత గీతలన్నీ కప్పబడిపోయాయి, మా ఆయన మెరూన్ గీతలతో సహా. తర్వాత మళ్ళీ బిగించారు. ఇది గుర్తు పెట్టుకోండి: రంగు వేసింది ఆయన పోయాక. బిగించింది రంగు వేశాక.

సంవత్సరీకం మర్నాడు పొద్దున్న ఎండ బాగానే వచ్చింది. చీకటీ లేదు, గాలీ లేదు, కుక్క ఏడుపులూ లేవు. జీపు షెడ్డులో సిమెంటు నేల మీద ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. డ్రైవరు సీట్లో మురళి. పక్కన మా అమ్మాయి హారిక, ఒళ్ళో వాళ్ళ నాన్న ఫొటో. వెనక సీటు నాకూ శేషగిరి గారికీ. మా అల్లుడు ఎదురుగా నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాడు. అంతకుముందు రోజుల్లో షెడ్డులో ఇంజను ఆడించి చూశారు గానీ, జీపు రోడ్డెక్కడం అదే మొదటిసారి. చందోలు మీదుగా పిట్టలవానిపాలెం, అక్కణ్ణుంచి బాపట్ల. చాలా దూరం కాలవ పక్కనే రోడ్డు.

మురళి తాళం పెట్టి చెయ్యి వేశాడు. తిప్పలేదు.

కింద నుంచి చప్పుడు వచ్చింది. రెండు గబగబా. ఆగి, ఇంకొకటి. ఇనుము మీద ఇనుము.

మురళి ఏం చేశాడో నేను కళ్ళారా చూశాను. తాళం లాగేసి, చెయ్యి పైకెత్తి, "ఆగాను అన్నయ్యా!" అని అరిచాడు.

శేషగిరి గారూ నేనూ ఇంకా జీపు ఎక్కలేదు. ఆయన అలవాటు కొద్దీ వంగి, "ఎవరయ్యా కింద?" అన్నారు. ఎవరూ లేరు. నేను చీర ఎగ్గట్టి నేల మీద కూర్చుని చూశాను. నేల మీద పానా లేదు, ఎలుక లేదు, పిల్లి లేదు. అల్లుడు రెండో వైపు నుంచి చూశాడు. నిమ్మకాయలు తప్ప ఏమీ లేవు.

అప్పుడు మొదలైంది కథ. మురళి దండం పెట్టేశాడు. "వదినా, అన్నయ్య వచ్చాడు. మనతో వస్తున్నాడు. దీవించాడు." శేషగిరి గారు కళ్ళు తుడుచుకుని, "వెళ్దాం పదమ్మా, శుభం," అన్నారు. హారిక ఫొటోని గుండెకి హత్తుకుని ఏడుస్తోంది. మురళి మళ్ళీ తాళం పెట్టబోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి ఆ చప్పుడుకి ఒక్కటే అర్థం. ఒక్క క్షణం కింద మురళి తన నోటితోనే ఆ అర్థానికి జవాబు చెప్పాడు. ఇప్పుడు దీవెనట!

"ఆ చప్పుడు దీవెనెప్పుడైందయ్యా? ఆగమంటే దీవించినట్టా?" అన్నాను.

"వదినా, మంచి ఘడియ దాటిపోతోంది..."

"దాటనీ."

వెళ్ళి జీపు ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. కొట్టింది ఎవరని నేను అప్పుడు ఆలోచించలేదు, ఒట్టు. నా కూతురు ఆ బండిలో ఉంది. అంతే. కింద ఒక్కో నట్టూ చేత్తో ముట్టి చూస్తే గానీ లేవనన్నాను. "కొత్త బట్టలు వదినా," అని మురళి గొణిగాడు. "బట్టలు నేను ఉతుకుతాలే, అలవాటే," అన్నాను. అట్టముక్క పరుచుకుని కిందకి వెళ్ళాడు.

తర్వాత, "పెదనాన్నగారూ, లైటు ఇటు పట్టండి," అని శేషగిరి గారిని పిలిచాడు.

స్టీరింగు రాడ్డు చక్రాన్ని పట్టుకునే చోట ఒక నట్టు ఉంటుంది. అది ఊడితే ఇక్కడ స్టీరింగు తిప్పుతూనే ఉంటాం, అక్కడ చక్రం దానిష్టం వచ్చినట్టు పోతుంది. ఆ నట్టు ఊడకుండా అడ్డంగా ఒక పిన్ను గుచ్చాలి. పిన్ను లేదు. నట్టు వేళ్ళతో తిరిగింది. మురళి నా ముందే తిప్పి చూపించాడు. తిప్పగానే దాని మీద గీత పుటుక్కుమని విరిగింది. అప్పటిదాకా ఆ గీత తిన్నగా, చక్కగా, అన్నీ సరిగ్గా ఉన్నట్టు ఉంది.

మెరూన్ గీత.

శేషగిరి గారు నెమ్మదిగా అన్నారు: "ఇది మన మధు బిగించిందే అయ్యుంటుంది. పాపం, ఆరోగ్యం బాగోలేక..."

ఆ మాట నాకు చప్పుడుకన్నా గట్టిగా తగిలింది. పోయినవాడు నోరెత్తలేడు కదా! "అన్నయ్యగారూ, ఇలా రండి," అని ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని కిందకి వంచాను. "గీత కింద ఏముంది? నల్ల రంగు. ఆ రంగు వేయించిందెవరు? మీరు. ఎప్పుడు? ఆయన పోయాక. మరి ఆ రంగు మీద ఆయన వచ్చి ఎలా గీశాడు?"

నేను వెళ్ళి రంగు సీసాలుండే రేకు డబ్బా తెరిచాను. ఏడాదిగా ఎవరూ వాడని నెయిల్ పాలిష్ గడ్డ కట్టి ఉండాలి. పల్చగా ఉంది. మూత తియ్యగానే రంగు పల్చన చేసే థిన్నరు వాసన గుప్పుమంది.

మురళి ఏమన్నాడో తెలుసా? "అది కూడా అన్నయ్యే పెట్టాడేమో వదినా. మనకి చూపించడానికి."

"మీ అన్నయ్య బతికుండగా బిగించని నట్టుకి గుర్తు పెట్టలేదు, చచ్చాక పెడతాడా? ఆత్మకి థిన్నరు కావలసొచ్చిందా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయను.

సూర్యలంక వెళ్ళలేదు. తాళం నేను తీసుకున్నాను.

తర్వాత జరిగినదానికే నాకు ఎక్కువ కోపం. అల్లుడు తీసిన వీడియోలో తను "ఆగాను అన్నయ్యా" అన్నదాకా ఉంచి, మిగిలింది కోసేసి, వెనకాల వేణువు పెట్టి మురళి అందరికీ పంపాడు. ఆ చప్పుడు వీడియోలో ఉంది. నేను అసలుది కూడా విన్నాను, అందులోనూ ఉంది. కాబట్టి నా చెవుల భ్రమ అనకండి. కానీ నట్టు సంగతి ఎందులోనూ లేదు. ఆత్మ వచ్చిందంటే అందరూ దండం పెడతారు. నట్టు వదులుగా ఉందంటే, ఎవరు వదిలేశారని అడుగుతారు. అడగకుండా ఉండటానికి హారన్ మోగింది, ఇంజను స్టార్టయింది, రేపు జీపు గాల్లో లేచిందని కూడా అంటారు.

చప్పుడు గురించి నేను చెయ్యగలిగిన ఆలోచనంతా చేశాను. ఇంజను వేడెక్కి చల్లారేటప్పుడు ఇనుము టకటకమంటుందన్నారు. ఆ పొద్దున్న ఇంజను అసలు ఆడలేదు. వదులుగా ఉన్న రాడ్డే కదిలి కొట్టుకుందేమో అనుకుని, మర్నాడు మేం అందరం ఎక్కి, దిగి, ఊపి, తోసి చూశాం. ఒక్క చప్పుడు లేదు. పక్కింటి వాళ్ళేమైనా కొట్టారా అని గోడ దూకి మరీ అడిగాను. పోనీ ఏదో ఒకటి తగిలి మోగిందే అనుకుందాం, సరిగ్గా ఆ వరసలో, సరిగ్గా తాళం మీద చెయ్యి పడ్డప్పుడే ఎందుకు మోగింది? నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నాకు ఎంత కష్టమో నా దగ్గర చదువుకున్నవాళ్ళని అడగండి. అయినా దెయ్యం అనను. తెలియదు అంటాను.

ఆ నట్టుకి కొత్త పిన్ను వేయించాను. జీపు షెడ్డులోనే ఉంది, తాళం నా బియ్యం డబ్బాలో ఉంది. రెండో ఏడు తద్దినం దగ్గరికొస్తోంది, ఈసారైనా ఇవ్వమని మురళి హారిక చేత చెప్పిస్తున్నాడు. శేషగిరి గారు ఫోను చేసి, "పోనీలేమ్మా, ఏమీ జరగలేదుగా," అన్నారు. జరగలేదు. కానీ శేషగిరి గారూ, మురళీ, అది మీరిద్దరూ ఆపినందువల్ల కాదు.

తాళం ఇస్తాను. దండలు వేసుకుని సూర్యలంక కాదు, వాడరేవు దాకా తిరిగి రండి. కానీ ముందు ఒక్కదానికి జవాబు కావాలి. ఆ రోజు కింద నుంచి కొట్టిందెవరని నేను మిమ్మల్ని అడగను, అది మీకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆ సీసాలో థిన్నరు పోసి, బిగించని నట్టు మీద నా మొగుడి రంగు పూసింది మీ ఇద్దరిలో ఎవరు?